నాలుగు ఐడియాలు, ఒక్క సెమిస్టర్

ప్రశ్న: హన్మకొండలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను సార్. మా కాలేజీ స్టార్టప్ క్లబ్‌కి నేనే లీడర్‌ని. మేడారం జాతరకు పార్కింగ్ యాప్, కొత్తవాడ జంపఖానాలు ఆన్‌లైన్‌లో అమ్మడం, మిర్చిలో తేమ కొలిచే పరికరం, జూనియర్లకు యూట్యూబ్ పాఠాలు... నాలుగూ మొదలుపెట్టాం, ఏదీ పూర్తికాలేదు. నాకు రెండు బ్యాక్‌లాగ్‌లు పడ్డాయి. ఎవరు ఐడియా చెప్పినా కాదనలేకపోతున్నా. పెద్ద లీడర్లు దేనికి సమయం పెట్టాలో ఎలా తేల్చుకుంటారు?

జవాబు: నాలుగు ఐడియాల గురించి రాశావు గానీ, నీ ఉత్తరంలో ఒక్క మనిషీ కనిపించలేదు. రైతు లేడు, నేతన్న లేడు. నాకు ముందు అదే తట్టింది.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే దారిలో ఆలేరు వస్తుంది కదా, చింతకింది మల్లేశం గారిది ఆ పక్కనే. చీర నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు. అలా ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడే తల్లిని చూసి, 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టారు. అది 1999కి గానీ కుదరలేదు. 2017లో పద్మశ్రీ వచ్చింది, అది తర్వాతి మాట. ఐడియా బాగుందన్న హుషారు ఏడేళ్లు ఎవరికీ నిలవదు. ఇంట్లో రోజూ ఆ నొప్పి కనిపిస్తుంటే మాత్రం పని వదలబుద్ధి కాదు.

ఆ లెక్కన చూస్తే, జాతర రెండేళ్లకోసారి. ఈసారి తప్పు జరిగితే దిద్దుకునేలోపు నీ డిగ్రీ అయిపోతుంది. వదిలెయ్. యూట్యూబ్ పాఠాలు నువ్వు లేకున్నా నడుస్తాయి, ఒక జూనియర్‌కి అప్పగించు. జంపఖానాల సంగతి కొంచెం ఆలోచించాలి. వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లోనే జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక) గుర్తింపు వచ్చింది, పేరుకు కొదవ లేదు. నేతన్నకు తక్కువైంది కొనేవాళ్లా, నూలా, కూలీయా? అది అడగకుండా వెబ్‌సైట్ కట్టడం తొందరపాటు.

నాకైతే మిర్చి మీద ఆశ ఉంది. అయితే తేమ మీటర్లు ఇప్పటికే దొరుకుతున్నాయి. ఎనుమాముల మార్కెట్‌లో వ్యాపారి కాయను చేత్తో నలిపి ‘ఇంకా పచ్చిగా ఉంది’ అంటే, నీ మీటర్ చూపిన అంకెను ఎవరు లెక్కచేస్తారు? అక్కడ అది పనికిరాకపోవచ్చు. కళ్లంలోనే, ఇంకొకరోజు ఎండబెట్టాలా బస్తాలకు ఎత్తాలా అని రైతు తేల్చుకునేటప్పుడు పనికొస్తుందేమో. సీజన్‌లో నాలుగు తెల్లవారుజాములు మార్కెట్‌కి పో. పరికరం తీసుకుపోకు, ఊరికే పక్కన నిలబడి బేరం విను. పది మంది రైతులతో మాట్లాడు. వాళ్లలో ఇద్దరైనా ‘మళ్లీ ఎప్పుడొస్తవ్ బిడ్డా’ అని అడగకపోతే, ఆ ఐడియా నీకే నచ్చింది, వాళ్లకు కాదు.

దీనికి ఆరు వారాలు, మూడు వేల రూపాయలు పెట్టు, అంతకు మించొద్దు. ఏం జరిగితే ఆపేస్తావో మొదలుపెట్టకముందే కాగితం మీద రాసి క్లబ్ గోడకు అతికించు. నేను అలా రాసుకోకుండా ఒకప్పుడు స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్‌లు పెట్టాను. ఆరుగురు పిల్లలతో ఏడాదంతా లాగాను. పెట్టిన డబ్బు పోతుందన్న బాధతో ఇంకా పెట్టాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ కుర్చీల లెక్క అడుగుతుంది.

దోస్తులకు కాదని చెప్పడానికి మొహమాటం వద్దు. ‘ఐడియా మంచిదే, మార్చి దాకా నా చేతిలో ఒకటుంది’ అను. ‘చూద్దాం’ అనకు. ఆ మాట నమ్మి వాళ్లు రెండు నెలలు ఎదురుచూస్తారు. కావాలంటే అదే కాగితం కొలత వాళ్లకీ ఇవ్వు: ముందు పది మందితో మాట్లాడి రమ్మను. చాలామంది తిరిగిరారు. వచ్చినవాళ్లను మాత్రం కూర్చోబెట్టి విను.

ఆ బ్యాక్‌లాగ్‌ల సంగతి ఇంట్లో చెప్పావా? సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడో రేపే కనుక్కో. ఆ పరీక్షలు ఏ వారంలో పడతాయో చూసుకున్నాకే, పైన చెప్పిన ఆరు వారాలు లెక్కపెట్టు.