పాతబస్తీ బడిలో పిల్లలకు దగ్గరవడం ఎలా?

పాతబస్తీ బడిలో కొత్తగా చేరానని, పిల్లల్లో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారని, కొందరు పాలమూరు తండాల నుంచి వలస వచ్చినవాళ్లని, క్లాసులో ఎవరూ నోరు విప్పడం లేదని రాశారు. బతుకమ్మ, ఈద్ కలిపి ఫంక్షన్ పెడితే దగ్గరవుతారా అని అడిగారు. పెట్టండి, మంచిదే. కానీ మర్నాడు మళ్లీ పాఠం మన దారిన, పిల్లలు వాళ్ల దారిన. దగ్గరతనం మామూలు రోజున, మీ సబ్జెక్టులోనే పుట్టాలి. నేను అటువైపు బడిలోనే లెక్కలు చెబుతాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఆరో తరగతిలో దశాంశాలు చెబుతూ, 2.8 పెద్దదా 2.10 పెద్దదా అని అడిగాను. వెనక బెంచీ నుంచి ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి, "2.10 సార్. 2.8 గాజు నా చేతికి ఎక్కదు, 2.10 ఎక్కుతుంది" అంది. వాళ్లది లాడ్ బజార్‌కి లక్క గాజులు చేసిచ్చే ఇల్లు. గాజుల వరకు ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం, దశాంశాల్లో మాత్రం 2.8యే పెద్దది. గాజు సైజులో రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు. 2-4 అంటే రెండుంపావు అంగుళాలు, 2-8 అంటే రెండున్నర, 2-10 అంటే అంతకంటే ఇంకొంచెం పెద్దది. ఆ అమ్మాయినే బోర్డు దగ్గరికి పిలిచాను. సగం ఉర్దూలో, సగం తెలుగులో క్లాసంతటికీ చెప్పింది. ఆ పక్కనే నేను 10/16, 10/100 రాశాను. పదహారు ముక్కల్లో పది ఎంత, వంద ముక్కల్లో పది ఎంత? దశాంశం ఆ రోజు అందరికీ పట్టుబడింది. ఆ తర్వాత ఆ అమ్మాయి డౌట్లు అడగడం ఆపలేదు.

మేస్త్రీల పిల్లలుంటే 3, 4, 5 అడుగులతో మూల ఎలా కలుపుతారో ఇంట్లో అడిగి రమ్మనండి. పైథాగరస్ సగం అయిపోయినట్టే.

ఇది పాఠాన్ని తేలిక చేయడం కాదు. అమెరికాలో ఆఫ్రికన్ అమెరికన్ పిల్లలకు బాగా చదువు చెప్పే టీచర్లను గమనించిన గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో రాసిన వ్యాసంలోనూ, ఇలా పిల్లల సంస్కృతిని కలుపుకుని చెప్పే చదువుకు మొదటి షరతు పిల్లలకు నిజంగా చదువు రావడమే. తమ సంస్కృతిని నిలుపుకోవడం, అన్యాయాన్ని ప్రశ్నించగలగడం మిగతా రెండు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అందరి ముందూ అడగొద్దు. ఇంటి పని చెప్పుకోవడానికి కొందరికి సిగ్గు, కొందరికి కులం బయటపడుతుందన్న భయం. విడిగా మాట్లాడండి, వద్దంటే వదిలేయండి. గాజులకు రాళ్లు అతికిస్తూ పిల్లలు రాత్రి దాకా మేల్కొనడం గొప్పని కూడా నేను అనను. హోంవర్క్ ఎందుకు రాలేదో తిట్టేముందు తెలుసుకోండి. రంజాన్‌లో రోజా ఉన్న పిల్లలను ఎండలో పరుగెత్తించకండి. పేర్లు ఎలా పలకాలో వాళ్లనే అడిగి, అలాగే పిలవండి.

తల్లిదండ్రుల మీటింగ్ పదకొండింటికి పెడితే అడ్డా కూలీకి ఆ రోజు కూలి పోతుంది. రాలేదని "పిల్లల మీద శ్రద్ధ లేదు" అనేస్తాం. హెడ్మాస్టరు గారితో మాట్లాడి సాయంత్రానికి మార్పించండి. ఉర్దూ వచ్చిన సహోద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫిర్యాదుతో కాకుండా ఆ పిల్లవాడు బాగా చేసిన పనితో మొదలుపెట్టండి.