రాయి ఒలిచినా నిలిచిన సమాధులు

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టు కోసం రోమ్‌లోని సెస్టియస్ పిరమిడ్, సెసీలియా మెటెల్లా గుండ్రటి సమాధి నమూనాలు 1:100 కొలతలో చేస్తున్నాను. ఏ కొలతలు తీసుకోవాలి? రెంటినీ రాతి కట్టడాలుగా చూపిస్తే సరిపోతుందా?
– ఆర్కిటెక్చర్ విద్యార్థిని, మాసబ్ ట్యాంక్, హైదరాబాద్

జవాబు: సరిపోదు. మన ఇబ్రహీంబాగ్ కుతుబ్‌షాహీ సమాధుల్లో గ్రానైటు రాయి బరువు మోస్తుంది, పైన సున్నం పూత తొడుగు. రోమ్‌లో ఇది తిరగబడింది. బరువు మోసేది లోపలి కాంక్రీటు, తొడుగు రాయి. కాబట్టి ఒక్కో నమూనాను ఒక పక్క కోసినట్టు చేసి రెండు పొరలూ చూపించండి.

పిరమిడ్‌ను క్రీ.పూ. 18, 12 మధ్య కట్టారు. 330 రోజుల్లో పూర్తయిందని దాని మీదే చెక్కి ఉంది. అడుగున భుజం 100 రోమన్ అడుగులు, అంటే 29.6 మీటర్లు, ఎత్తు 125 రోమన్ అడుగులు, 37 మీటర్లు. అట్ట కోసేటప్పుడు చాలామంది ఇక్కడే పొరబడతారు. 37 అనేది నిట్టనిలువు ఎత్తు. త్రిభుజాన్ని 37 సెంటీమీటర్లకే కోస్తే నిలబెట్టాక పిరమిడ్ 34 దగ్గరే ఆగిపోతుంది. ఏటవాలు ముఖం పొడవు 39.85 సెంటీమీటర్లు తీసుకోండి. వాలు 68 డిగ్రీలు వస్తుంది. గీజా మహా పిరమిడ్ వాలు 52 డిగ్రీలకు కాస్త తక్కువ, ఆ బొమ్మ చూసి చేయకండి. లోపల సుమారు 6 × 4 మీటర్ల గది ఒక్కటే, దానికి పీపాను సగానికి కోసినట్టుండే కప్పు. మిగతాదంతా గట్టి కాంక్రీటు.

మెటెల్లా సమాధిలో గుండ్రటి భాగం వ్యాసం దాదాపు 29.5 మీటర్లు, ఎత్తు 11. అది చతురస్రపు పీఠం మీద కూర్చుంది. పైన కోటగోడలా కనిపించే పళ్ల పిట్టగోడ మధ్యయుగంలో కాయెతానీ వంశం పెట్టించినది, వేయకండి. ఊరి లోపల దహనం, ఖననం రెండూ నిషేధం కాబట్టి సమాధి ఊరి బయట ఆప్పియా రహదారి పక్కన వచ్చింది. ఆ బాట ముక్క పక్కన పెడితే కట్టడం అక్కడెందుకుందో చూసేవారికి తెలుస్తుంది.

పీఠం మీది ట్రావర్టైన్ రాయిని తర్వాతివాళ్లు ఒలుచుకుపోయారు. సున్నపురాయి కదా, కొత్త గోడలకూ పనికొస్తుంది, బట్టీలో కాలిస్తే సున్నమూ అవుతుంది. కాంక్రీటు ఎవరికీ పనికిరాక మిగిలింది. అది ఎంత గట్టిదో ఆ ఒలిచిన చోటే తెలుస్తుంది. అది మన మేస్త్రీలు పోసే కాంక్రీటు లాంటిది కాదు. సున్నం ఒక పాలు, గని ఇసుక మూడు పాళ్లు అని ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ లెక్క. రోమ్ దగ్గర ఆ ఇసుక అగ్నిపర్వత బూడిదే. ఆ ముద్దలో పిడికెడేసి రాళ్లను చేత్తో వరసలుగా పేర్చుకుంటూ పోయారు. మెటెల్లా గోడలో ఆ బూడిదలోని లూసైట్ ఖనిజం తేమకు కరిగి, దాని పొటాషియం బంధపు పదార్థంలో కలిసి, కాలం గడిచేకొద్దీ దాన్ని ఇంకా బిగించింది. కోసిన ముఖం మీద అందుకే రాళ్లను వరసల్లో చూపాలి, చిందరవందరగా చల్లితే తప్పు.

పిరమిడ్‌కు మాత్రం చలువరాయి పలకలను కొస దాకా అంటించండి. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఆరేలియన్ చక్రవర్తి కట్టించిన నగర ప్రాకారం దాన్ని గోడలో కలిపేసుకోవడంతో ఒలుపుడు తప్పించుకుంది.