గంజాయి సాగు మీద రీసెర్చ్‌కి మన పన్ను డబ్బులెందుకు?

ప్రశ్న: నమస్తే అండి. మేం కాలిఫోర్నియాలో ఉంటాం. ఇక్కడ యూనివర్సిటీలు గవర్నమెంట్ డబ్బుతో ఆరుబయట గంజాయి ఎలా పండించాలో రీసెర్చ్ చేస్తున్నాయని ఈమధ్యే తెలిసింది, నిజంగా చాలా కోపం వచ్చింది. ఇంట్లో ఇద్దరు టీనేజ్ పిల్లలున్నారు, మా భయం మాది. సంపాదించుకునేవాళ్లే ఆ ఖర్చు పెట్టుకోవచ్చు కదా, జనం డబ్బు ఎందుకు? — ఒక తల్లి, శాక్రమెంటో

జవాబు: మీ భయం న్యాయమైనదే అండి, టీనేజ్ పిల్లలున్న ఏ ఇంట్లో అయినా ఇదే మాట వస్తుంది. ముందు ఆ డబ్బు ఎక్కడిదో చూద్దాం. 2016 నవంబర్‌లో ప్రపోజిషన్ 64 అనే ప్రతిపాదన జనం ఓట్లతో పాసై 21 ఏళ్లు దాటినవాళ్లకి గంజాయి లీగల్ అయింది కదా, ఆ చట్టంతోనే గంజాయి అమ్మకాల మీద 15 శాతం ఎక్సైజ్ ట్యాక్స్ పెట్టారు, అందులోంచి ఏటా కోటి డాలర్లు పబ్లిక్ యూనివర్సిటీల రీసెర్చ్‌కి ఇవ్వాలని, 2028-29 దాకా ఇవ్వాలని చట్టంలోనే రాసుకున్నారు. అంటే ఇది మీ జీతంలో కట్ అయ్యే పన్ను కాదు, కొనేవాళ్లు కట్టేది. ఇలాంటి ఫిక్స్‌డ్ ఖర్చులన్నీ పోగా మిగిలినదాంట్లో 60 శాతం పిల్లలు, యువత మత్తు జోలికి పోకుండా చూసే ప్రోగ్రాములకే వెళ్లాలి, మీరు స్కూల్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మన దగ్గర ఆ డబ్బుతో ఏం జరుగుతోందని గట్టిగా అడగండి.

సరే, ఎవరు కట్టినా అది జనం డబ్బే, సాగు మీద ఎందుకు పెట్టాలన్న మీ ప్రశ్న అలాగే ఉంది. నా సమాధానం, పెట్టాలి, ముఖ్యంగా ఆరుబయట సాగు మీదే పెట్టాలి. ఎందుకంటే లీగల్‌గా అమ్ముడుపోయే సరుకులో చాలా భాగం గోడౌన్లలో లైట్ల కింద పండుతోంది. పొద్దస్తమానం లైట్లు, ఏసీలు, గాల్లో తేమ లాగేసే మెషీన్లు, పైగా మొక్కకి విడిగా కార్బన్ డయాక్సైడ్ కూడా ఇస్తారు. 2021లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు లెక్క కట్టారు, ఇలా గదుల్లో లైట్ల కింద ఒక్క కిలో ఎండు పువ్వు తయారవ్వాలంటే ఊరి వాతావరణాన్ని బట్టి 2,283 నుంచి 5,184 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన ఉద్గారాలు. ఒక్క కిలోకి! అదే మొక్క ఎండలో ఊరికే పెరుగుతుంది. కానీ ఎండ గురించి, మట్టి గురించి, వాన నీళ్లు ఎలా దాచుకోవాలన్నదాని గురించి రీసెర్చ్ చేస్తే దాన్ని ప్యాకెట్‌లో పెట్టి అమ్ముకోలేరు కాబట్టి ఏ కంపెనీ దాని మీద పైసా పెట్టదు, అలాంటి చోటే కదా పబ్లిక్ డబ్బు కావాల్సింది.

ఇంకో సంగతి కూడా ఉంది. టమాటాకి, ద్రాక్షకి, వరికి అమెరికాలో వందేళ్లకి పైగా యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ సాయం ఉంది, రైతు ఫోన్ చేస్తే చెప్పే మనిషి ఉంటాడు. ఈ పంటకి మొన్నమొన్నటిదాకా ఎవరూ లేరు. 1970 చట్టంలో ఫెడరల్ ప్రభుత్వం దీన్ని హెరాయిన్ పక్కన షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే గట్టి ఆంక్షలుండే మత్తు మందుల జాబితాలో పెట్టింది, ఫెడరల్ నిధులు తీసుకునే యూనివర్సిటీ తన పొలంలో మామూలు పంటలా ఇది వేసి చూసే వీల్లేదు. అందుకే బర్క్‌లీ యూనివర్సిటీలోని కన్నబిస్ (గంజాయి) రీసెర్చ్ సెంటర్ వాళ్లు మొక్కని ముట్టుకోకుండా పని చేస్తారు, రైతుల్ని సర్వే చేస్తారు, మ్యాపులు, పర్మిట్లు, వాగుల్లో నీటి లెక్కలు చూస్తారు. అలా చూసే వాళ్లు చెప్పారు, కాలిఫోర్నియాలో మిగతా పంటలకంటే ఈ పొలాలకే కార్చిచ్చు ముప్పు ఎక్కువని. మిగతా రైతులకి ఉండే ఫెడరల్ పంట బీమా కూడా వీళ్లకి లేదు.

2023లో రాష్ట్ర కన్నబిస్ కంట్రోల్ డిపార్ట్‌మెంట్ 16 ప్రాజెక్టులకి దాదాపు 2 కోట్ల డాలర్ల గ్రాంట్లు ఇచ్చింది, అందులో నాకు బాగా నచ్చింది ఉత్తర కాలిఫోర్నియాలోని హంబోల్ట్ వైపు తరాలుగా పండిస్తున్న పాత రకాల్ని రికార్డు చేసే పని. ఆ కొండల చలికి, పొగమంచుకి అలవాటైన విత్తనాలు పోతే మళ్లీ దొరకవు.

ప్రశ్న: ఔట్‌డోర్ అయితే పర్యావరణానికి మంచిదే అంటున్నారు, మరి దీనివల్లే వాగులు ఎండిపోయి చేపలు చచ్చిపోతున్నాయని విన్నామే? — ఫ్రీమాంట్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు విన్నదాంట్లో నిజం ఉంది. హంబోల్ట్, మెండొసీనో, ట్రినిటీ కౌంటీల్ని కలిపి ఎమరాల్డ్ ట్రయాంగిల్ అంటారు, అక్కడ వానలన్నీ చలికాలంలో పడతాయి, మొక్కకి దాహమేమో ఎండాకాలంలో, సరిగ్గా అప్పుడే చిన్న చిన్న వాగుల్లో కోహో సాల్మన్ అనే చేప పిల్లలు మిగిలిన కాస్త నీళ్లలో బతుకుతుంటాయి. 2015లో రాష్ట్ర వన్యప్రాణి శాఖ శాస్త్రవేత్తలు మొక్కకి రోజుకి సుమారు 23 లీటర్ల లెక్కన నాలుగు పరివాహక ప్రాంతాలు చూస్తే, మూడింటిలో ఎండాకాలం వాగులో పారే నీటికంటే మొక్కలకి కావాల్సిన నీరే ఎక్కువ అవ్వచ్చని తేలింది. తర్వాత రూల్ వచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా పంట కోసం వాగుల్లోంచి నీళ్లు తోడకూడదు, చలికాలంలోనే చెరువులోనో ట్యాంకులోనో నింపుకోవాలి. మంచి రూలే. కాకపోతే బర్క్‌లీ సర్వేలో ఎక్కువమంది రైతులు వాడేది బోరు నీళ్లని తేలింది, ఆ రూల్ ప్రధానంగా వాగుల నీటి కోసం పెట్టింది, మరి వాగు పక్కనే వేసిన బోరు కింద నుంచి ఆ వాగు నీళ్లే లాగుతోందా లేదా అన్నది ఏ వాగుకి ఆ వాగు దగ్గర కొలిస్తేగానీ తెలియదు, కొలవడానికి డబ్బు కావాలి. నేను రీసెర్చ్ అంటున్నది ఇదే.

అడవుల్లో దొంగచాటుగా వేసే తోటల్లో ఎలుకల మందు తిని ఫిషర్ అనే అడవి జంతువులు చచ్చిపోవడం కూడా నిజం, కానీ దాన్ని లైసెన్సు తీసుకుని పండించే రైతు మీద వెయ్యకూడదు. ఆ రైతు చాలాసార్లు చిన్నవాడు. అక్కడ స్మాల్ లైసెన్స్ అంటే 10,000 చదరపు అడుగుల లోపు, మన లెక్కలో సుమారు 23 సెంట్లు. ట్యాంకు కట్టుకోవడానికి, పర్మిట్లకి, టెస్టులకి అయ్యే ఖర్చు ఆ 23 సెంట్ల మీదే పడుతుంది. అందుకే గ్రాంటు తీసుకున్న ప్రతి టీమూ రిపోర్టు రాసి ఊరుకోకుండా పొలం దగ్గరికెళ్లి ఆ రైతుకి అర్థమయ్యేలా చెప్పాలని షరతు పెడితే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం, తడి నిలిచే నదీ తీరపు నేలల్లో అసలు నీళ్లు పెట్టకుండా పండించే వాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల పద్ధతి ఎక్కడెక్కడ పనిచేస్తుందో ముందు అది తేల్చాలి.

ప్రశ్న: మన ఏజెన్సీ రైతులకి కూడా ఇలాంటి రీసెర్చ్, పర్మిషన్లు ఇస్తే బాగుపడతారు కదా సార్? — నర్సీపట్నం నుంచి

జవాబు: రెండూ ఒకటి కాదండి. ఇండియాలో మత్తు పదార్థాల మీద 1985 ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, గంజాయి మొక్క సాగు చేస్తే పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అదే చట్టంలో 14వ సెక్షన్ కింద నార, గింజల కోసం సాగుకి ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు, ఉత్తరాఖండ్ 2018లో ఆ దారిలో వెళ్లింది, కానీ అది మత్తు దాదాపు లేని హెంప్, మీ వైపు పేరుపడ్డ శీలావతి రకం కాదు. ఎవరైనా మధ్యవర్తి వచ్చి త్వరలో లీగల్ అవుతుంది, ఇప్పుడే వేసుకోండి అని చెప్తే నమ్మొద్దు, కేసు పడేది పొలం ఉన్నవాడి మీదే. కాఫీ, మిరియాలకి ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఇచ్చే సాయం గురించి పాడేరు ఆఫీసులో అడగండి.