బ్యాక్టీరియా ఇనుమును నిజంగా తింటుందా?

గాలి, నీరు తగిలితే చాలు, ఇనుము తుప్పు పడుతుంది కదా, మధ్యలో బ్యాక్టీరియా పనేమిటి, అది లోహాన్ని తింటుందా అని అడిగారు. పైపులైన్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను కాబట్టి కళ్లారా చూసిన సంగతితోనే మొదలుపెడతాను.

కొత్తగా వేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ లైను అది. ప్రెషర్ టెస్ట్‌కి శుద్ధి చేయని నీళ్లు నింపారు. టెస్ట్ పాసయింది గానీ నీళ్లు ఖాళీ చేయలేదు. కొన్ని నెలలకి వెల్డుల పక్కన చెమట పట్టినట్టు తడి కనిపించింది. అందరం వెల్డర్నే అనుమానించాం, పాపం. ముక్క కోసి చూస్తే లోపల వెల్డు అంచున ఎర్రటి బొడిపె. గీకితే కింద గుండుసూది మొన దూరేంత చిల్లు, అంతే. కానీ ఆ ముక్కని అడ్డంగా కోయించాక చూస్తే, ఆ చిన్న నోటి వెనక లోహం సీసాలా డొల్లగా ఉంది. చుట్టూ ఉన్న స్టీలు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. మామూలు తుప్పయితే అంతటా పట్టి కంటికి కనిపిస్తుంది. ఇది ఒక్కచోటే కూర్చుని లోపలికి తవ్వుకుపోతుంది.

జరిగింది ఇదీ. నిలవ నీటిలోని బ్యాక్టీరియా గరుకుగా ఉన్నచోట అంటుకుని జిగట పొర కట్టుకుంటుంది. ఆ పొర కింద ఆక్సిజన్ అయిపోతుంది, పక్కన మాత్రం ఉంటుంది. ఈ తేడాతోనే అక్కడ చిన్న బ్యాటరీ లాంటిది ఏర్పడి, ఆక్సిజన్ తక్కువున్న చోట లోహం కరగడం మొదలవుతుంది. కరిగిన ఇనుమును గాలియోనెల్లా లాంటి బ్యాక్టీరియా ఆక్సీకరణం చేసి ఎర్రటి బొడిపెగా పేరుస్తుంది. దాని కింద క్లోరైడ్లు చేరతాయి, ఆమ్లత పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర వెల్డింగ్ వేడి వల్ల ముందే బలహీనపడి ఉంటుంది, ఇక మళ్లీ కట్టుకోలేదు.

రెండో రకానికి అసలు ఆక్సిజనే అక్కర్లేదు. డీసల్ఫోవిబ్రియో లాంటివి నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. గాలి చొరని తడి మట్టిలో ఇనప పైపులు పాడవడానికి ఇవే కారణమని 1934లోనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు వివరించారు. ఒకసారి మామూలు స్టీలు లైను విప్పితే కుళ్లిన కోడిగుడ్డు వాసన, కాటుకలాంటి నల్లటి బురద. అది ఐరన్ సల్ఫైడు. తుడిస్తే కింద గుంటలు పడి మెరుస్తున్న లోహం బయటపడింది. గాలి తగిలిన బురద కాసేపటికి గోధుమ రంగుకు తిరిగింది. (ఆ వాయువు విషం. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని ట్యాంకులోకి దిగకండి.)

ఇక తింటుందా అంటే, దగ్గరగా వచ్చే జవాబు ఈ రకంలోనే ఉంది. వీటిలో కొన్ని ఇనుము నుంచి ఎలక్ట్రాన్లను నేరుగా లాక్కుని బతుకుతాయని 2004లో జర్మనీ పరిశోధకులు చూపించారు. మిగతా చాలా సందర్భాల్లో బ్యాక్టీరియా తినేది వేరే, దాని కాపురం వల్ల లోహం నష్టపోతుంది. రాగి, అల్యూమినియం కూడా ఈ బెడద తప్పించుకోలేవు. టైటానియం ఒక్కటే దాదాపు చెక్కుచెదరదు.

క్లోరిన్ పోస్తే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. పైపై బ్యాక్టీరియా చస్తుంది, జిగట కింద ఉన్నది బతికే ఉంటుంది. ముందు గీకి శుభ్రం చేయాలి, తర్వాతే మందు. అన్నిటికన్నా ముఖ్యం, టెస్ట్ అవగానే నీళ్లు తీసేసి లైను ఆరబెట్టడం. ఈ ఒక్క పని చేసి ఉంటే మా లైను నిలిచేది. భూమిలో ఉన్న స్టీలు పైపులకు కాథోడిక్ రక్షణ (తుప్పు పట్టకుండా పైపుకి చిన్న కరెంటు అందించడం) ఇస్తుంటే, రాగి-కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో పోల్చి కొలిచినప్పుడు మామూలుగా మైనస్ 850 మిల్లీవోల్టులు చాలన్నచోట ఈ బ్యాక్టీరియా ఉంటే మైనస్ 950 దాకా ఉంచుతారు.

మీ పైపులో ఇదే జరుగుతోందని అనుమానముంటే, బొడిపెని ఆరనివ్వకుండా అక్కడి నీళ్లతోనే సీసా నిండా నింపి, మూత బిగించి అదే రోజు ల్యాబ్‌కి పంపండి. నీళ్లలో బ్యాక్టీరియా దొరికిందన్న రిపోర్టు ఒక్కటే రుజువు కాదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. గుంట ఆకారం, దాని మీదున్న మడ్డి, ల్యాబ్ ఫలితం మూడూ కలిస్తేనే నమ్మండి.