బంతి వస్తే కళ్లు మూసుకునే అబ్బాయికి ఏ ఆట?

ఒక తల్లి రాసిన ఉత్తరం, కాస్త కుదించి ఇస్తున్నాను: "మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతిలో చేరుతున్నాడు. ఇంతవరకు ఏ ఆటా ఆడలేదు. హైస్కూల్లో ఏదో ఒక ఆట తీసుకోవాలంటున్నారు. నాలుగడుగులు పరిగెత్తితే ఆయాసపడతాడు, బంతి మీదికొస్తే కళ్లు మూసుకుంటాడు. బ్యాడ్మింటన్, ఈత, పరుగు అనుకుంటున్నాం. బంధువుల్లో ఒకరు ఫెన్సింగ్ (కత్తిసాము) అయితే పోటీ తక్కువ, రేపు విదేశాల్లో కాలేజీ సీటుకి పనికొస్తుంది అన్నారు, అకాడమీకి అడ్వాన్స్ కూడా కట్టేశాం. వీటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి."

పోల్చి చెప్తాను. దానికి ముందు ఒక మాట అననివ్వండి. మీ పూర్తి ఉత్తరంలో "మావాడికి చేతకాదు" అన్న మాట మూడుసార్లు ఉంది, వాడేమంటున్నాడో ఒక్కచోటా లేదు. ఆట ఆడాల్సింది వాడు కదమ్మా!

ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, ఆటల పేర్లు మారతాయి అంతే. పైకి అడిగేది 'ఏ ఆట' అని. లోపల ఉండేది మాత్రం, జట్లు పంచుకునేటప్పుడు మావాడు చివరిదాకా మిగిలిపోతాడేమో, అందరూ నవ్వుతారేమో అన్న బెంగ. నేనూ స్కూల్లో చివరిదాకా మిగిలిపోయిన బాపతే కాబట్టి ఆ బెంగని తేలిగ్గా తీసెయ్యను. కాకపోతే "ఆటలు రావు" అన్న ముద్ర ఎలా పడుతుందో తెలిస్తే సగం బరువు దిగుతుంది.

కెనడాలో ఐస్ హాకీ ఆడే కుర్రాళ్ల పుట్టినరోజుల్ని రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1985లో లెక్కేసి చూశారు. పెద్ద జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవాళ్లే ఎక్కువమంది తేలారు. మాయేమీ లేదు, అక్కడ వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఏడేళ్ల పిల్లల్లో జనవరి వాడికీ డిసెంబరు వాడికీ దాదాపు ఏడాది తేడా ఉంటుంది, పెద్దవాడు కాస్త బలంగా కనిపిస్తాడు, కోచ్ వాణ్ణి తీసుకుంటాడు, తీసుకున్నాక నేర్పుతాడు కాబట్టి వాడు నిజంగానే బాగా ఆడతాడు. మిగిలినవాడికి "ఆటలు రావు" అన్న పేరొస్తుంది. దీనికి తోడు ఎదుగుదల. మగపిల్లలు బాగా పొడుగు సాగేది సగటున 14 ఏళ్ల దగ్గర, కొందరు 12కే సాగుతారు, కొందరు 16 వస్తేగానీ సాగరు. ఆ సాగే రోజుల్లో కాళ్లూ చేతులూ వాళ్ల మాటే వినవు, గ్లాసు పట్టుకున్నా జారిపోతుంది. మీవాడు ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉన్నాడు, మీరేమో ఇప్పుడే తీర్పు రాసేశారు.

ఇక ఫెన్సింగ్ సంగతి. ఆట మీద నాకే కోపం లేదు. చక్కటి ఆట, కాళ్ల కదలిక, బుర్ర, రెండూ కావాలి, వాడంతట వాడు కత్తి పట్టుకుంటానంటే నేనే ముందు చప్పట్లు కొడతాను. నాకు అనుమానమల్లా "పోటీ తక్కువ ఉన్న ఆట పట్టుకుంటే సీటు వస్తుంది" అన్న లెక్క మీద. ఒప్పుకోవాలి, కొన్నేళ్ల క్రితం నేనూ ఈ మాట చెప్పినవాణ్ణే. ఫెన్సింగ్, స్క్వాష్ (గోడకేసి బంతి కొట్టే ఆట), రోయింగ్ (తెడ్డేసే పడవ పందెం) అని ముగ్గురు నలుగురు తల్లిదండ్రులకు సలహా ఇచ్చాను కూడా. రెండేళ్లయ్యాక ఆ పిల్లలు నా ముందు కూర్చున్న తీరు చూశాక మానేశాను. వాళ్లు ఆడిన ప్రతి మ్యాచ్ వాళ్లకి ఒక పరీక్ష, ఓడిన ప్రతిసారీ ఇంట్లో లెక్కలు. ఒకడైతే "సర్, సర్టిఫికెట్ ఎంతమందిలో వచ్చిందో రాయకుండా ఉండొచ్చా?" అని అడిగాడు. పదిహేనేళ్ల పిల్లాడు అడగాల్సిన ప్రశ్నేనా అది?

లెక్క కూడా మీరనుకున్నంత తియ్యగా లేదు. అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏనే చెప్తుంది, హైస్కూల్లో ఆడేవాళ్లలో కాలేజీ స్థాయిలో క్రీడా స్కాలర్‌షిప్ దక్కేది సుమారు 2 శాతానికే అని. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు క్రీడా స్కాలర్‌షిప్‌లు అసలే ఇవ్వవు. సీటు ఇచ్చేటప్పుడు ఆటగాళ్లని చూస్తారు, నిజమే, కానీ ఆ చూపు ఏళ్ల తరబడి ఆడి పెద్ద పోటీల్లో గెలిచినవాళ్ల మీద ఉంటుంది. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టి పన్నెండుకి అక్కడికి చేరడం అసాధ్యమని అనను, దాని మీద ఇల్లు కట్టుకోవద్దంటాను. ఈ ఆశ ఎంత దూరం పోతుందో 2019లో లోకమంతా చూసింది. అమెరికాలో కొందరు డబ్బున్న తల్లిదండ్రులు ఎన్నడూ తెడ్డు పట్టని పిల్లల్ని రోయింగ్ క్రీడాకారులుగా చూపించి, కోచ్‌లకు లంచాలిచ్చి సీట్లు కొన్నారని కేసులు పడ్డాయి, జైలుకీ వెళ్లారు. మీరు అలాంటివారని కాదు. కానీ పిల్లాడి ఆటని వాడి దరఖాస్తులో ఒక గడిగా చూడటం అక్కడా ఇక్కడా ఒకటే.

"ఆలస్యంగా మొదలుపెట్టి ఒలింపిక్స్ గెలిచినవాళ్లు లేరా" అని మీ బంధువు అనొచ్చు. ఉన్నారు. బ్రిటన్ క్రీడాకారిణి హెలెన్ గ్లోవర్ 2008లో రోయింగ్ మొదలుపెట్టి 2012 లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చుకుంది. అయితే ఆమె అప్పటికే వేరే ఆటలాడి ఒళ్లు తయారై ఉన్న మనిషి. మీవాడికి ఆ కథ చెప్పి భయపెట్టకండి.

సరే, పోలిక. కొత్తగా వచ్చేవాడికి ఆటలో నేను చూసేవి రెండే: వాడు చేసే తప్పు ఎంతమందికి కనబడుతుంది, వాడి మెరుగు వాడికి ఎంత త్వరగా కనబడుతుంది.

ఆ లెక్కన బ్యాడ్మింటన్ మీరనుకున్నంత సులువు కాదు. పెరట్లో ఆడితే అందరికీ వస్తుంది, అదే మోసం. షటిల్ బరువు సుమారు 5 గ్రాములు, మన సాత్విక్‌సాయిరాజ్ స్మాష్ (పైనుంచి బలంగా కొట్టే దెబ్బ) 2023లో గంటకు 565 కిలోమీటర్ల రికార్డు కొట్టింది. స్కూలు జట్టులో అలాంటి వేగం ఉండదనుకోండి, కానీ ఎనిమిదేళ్ల నుంచీ ఆడుతున్నవాళ్లుంటారు, వాళ్ల ముందు కొత్తవాడు మొదటి ఆరు నెలలు షటిల్ ఏరుకోవడమే. వాలీబాల్ కూడా అంతే, సర్వీసు మీవాడి మీదికొచ్చినప్పుడు గ్రౌండంతా వాడినే చూస్తుంది, పైగా బంతిని పట్టుకునే వీల్లేదు.

ఈత ఒంటికి చాలా మంచిది, నీళ్లు బరువు మోస్తాయి, కీళ్ల మీద భారం పడదు. కానీ ఈత నేర్చుకోవడం వేరు, ఈత జట్టులో చేరడం వేరు. మీవాడికి ఈత వచ్చో రాదో మీరు రాయలేదు. రాకపోతే ముందు విడిగా నేర్పించండి, జట్టు సంగతి వచ్చే ఏడాది చూడొచ్చు.

మీవాడిలాంటి వాళ్లకి నేను ఎక్కువగా చెప్పేది దూరపు పరుగు, అంటే మైదానాల్లో, మట్టిదారుల్లో పరిగెత్తే క్రాస్‌కంట్రీ. ఆయాసపడేవాడికి పరుగా అని నవ్వకండి. చేతిలో బంతి లేదు, కళ్లు మూసుకోవాల్సిన పనే లేదు. చాలా స్కూళ్లలో పరుగు జట్టు నుంచి ఎవర్నీ తీసెయ్యరు. గడియారం అబద్ధం చెప్పదు, పోయిన నెల 5 కిలోమీటర్లకి 41 నిమిషాలు పట్టినవాడికి ఈ నెల 38 పడితే, ఎన్నో స్థానంలో వచ్చినా ఇంటికి నవ్వుతూనే వస్తాడు. ఇంకో తమాషా ఉంది, చాలా పోటీల్లో జట్టు స్కోరు ఆ జట్టులో మొదట వచ్చిన ఐదుగురి స్థానాలు కలిపి వేస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. అందుకని జట్టులో ఐదోవాడు ఎంత ముందుకొస్తాడన్నది మొదటివాడి గెలుపంత ముఖ్యం, నెమ్మదిగా పరిగెత్తేవాడి కోసం జట్టంతా గొంతు చించుకుని అరవడం చూస్తే మీకే తెలుస్తుంది. పరుగు వాడికి అస్సలు నచ్చకపోతే షాట్‌పుట్, డిస్కస్ లాంటి విసిరే ఆటలు చూడండి, అవి హైస్కూల్లోనే మొదలుపెట్టేవాళ్లు చాలామంది. ఒడుపు నేర్చుకునేకొద్దీ దూరం పెరుగుతుంది, అదీ టేపుతో కొలుస్తారు.

చేరే ముందు ఒకటిన్నర నెల టైముంటే 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు, వారానికి మూడు రోజులు చేయమనండి. మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా. ఆయాసం అన్నారు కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టరుకి చూపించండి. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, పిల్లికూతలు ఉంటే మాత్రం అస్సలు ఊరుకోవద్దు.

ఇంకొకటి, ఆట కన్నా కోచ్‌ని చూడండి. ఒక సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్లి దూరంగా నిలబడండి. చివరి పిల్లాడు ల్యాప్ ముగించే వేళకి కోచ్ అక్కడే ఉన్నాడా, ఈలోగా ముందొచ్చినవాళ్లని వెంటేసుకుని వెళ్లిపోయాడా? ఉంటే, ఆ కోచ్ నేర్పేది ఏ ఆటైనా చేర్పించెయ్యండి. కొత్తవాళ్లు ఎంతమంది ఉంటారు, ట్రయల్స్‌లో తీసేస్తారా అన్నవి మీవాణ్ణే వెళ్లి అడగమనండి. మీరు ముందు నడిచి వాడు వెనక నిలబడితే, మొదటి రోజే కోచ్‌కి వాడు "అమ్మ మాట్లాడే పిల్లాడు" అయిపోతాడు.

ప్రాక్టీసు నుంచి రాగానే "ఎన్నోవాడివొచ్చావ్" అని అడగొద్దు. ఆ వేళకి వాడికి ఆకలేస్తుంటుంది, ముందు తిండి పెట్టండి.

ఈ రాత్రి ఫెన్సింగ్, పరుగు, ఈత, షాట్‌పుట్ అన్నీ వాడి ముందు పెట్టి, ఒక్క ముక్క కూడా కలపకుండా వాడేమంటాడో వినండి. ఫెన్సింగే అంటే నా మాటలన్నీ పక్కన పెట్టి పంపించండి. కాదంటే మాత్రం, ఆ అడ్వాన్స్ వెనక్కి ఇస్తారేమో రేపు పొద్దున్నే అకాడమీకి ఫోన్ చేసి కనుక్కోండి.