బస్రా రివాల్వర్‌కు నాలుగు లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. పర్లాకిమిడిలో ఉంటాం. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. చేతిలో 22 లక్షలున్నాయి. బరంపురంలో ఒక బ్రోకరు మొదటి ప్రపంచ యుద్ధం నాటి వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ చూపించాడు. 1914 నవంబరులో ఇరాక్‌లోని బస్రాలో దిగిన ఒక సైనిక అధికారిదట. ఆ కుటుంబం రాసిచ్చిన ఉత్తరం కూడా ఉంది. నాలుగు లక్షలు నగదుగా ఇచ్చి పది రోజుల్లో తేల్చమంటున్నాడు. పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదని, విదేశాల్లో మూడింతల ధర వస్తుందని చెబుతున్నాడు. కొనవచ్చా?

జవాబు: మాస్టారూ, కొనకండి. ముందు ఆ ఉత్తరం సంగతి మాట్లాడతాను. మీ మనసు ఇనుము కన్నా దాని మీదే పడిందని మీ రాతలోనే తెలుస్తోంది.

బస్రా బ్రిటిష్ ఇండియన్ సైన్యం చేతికి వచ్చింది 1914 నవంబరులో. వెబ్లీ మార్క్ 6ను బ్రిటిష్ సైన్యం తీసుకున్నది 1915 మేలో. అంటే బస్రాలో దిగిన రోజున ఆ అధికారి నడుముకు ఈ రివాల్వర్ ఉండే వీల్లేదు. ఆయన తర్వాతెప్పుడో కొనుక్కుని ఉండవచ్చు, లేదా కుటుంబం పొరబడి ఉండవచ్చు. కానీ నాలుగు లక్షల్లో సగానికి పైగా ఆ కథకే అడుగుతున్నారు కదా, ఆ కథే నిలబడటం లేదు.

ఇంకొకటి చూడండి. ఉత్తరంలో రివాల్వర్ నంబరు ఉందా? ఫ్రేమ్ మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది, సిలిండర్ మీదా అదే ఉండాలి. కాగితంలో మనిషి పేరుండి నంబరు లేకపోతే, ఆ కాగితం ఏ రివాల్వర్ పక్కన పెట్టినా సరిపోతుంది. ఆ రోజుల్లో అధికారులు పిస్తోలు సొంత డబ్బుతో కొనుక్కునేవారు. కాబట్టి సైన్యం సొత్తని తెలిపే ప్రభుత్వ బాణం గుర్తు లేకపోవడం తప్పు కాదు. అప్పుడు నంబరు రాసిన దుకాణం రసీదు లాంటిదే అసలు సాక్ష్యం. ఆర్మీ లిస్టులు (అధికారుల పేర్ల పట్టికలు), లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్లు వెతికితే ఫలానా అధికారి ఉన్నాడనీ, ఎక్కడ పనిచేశాడనీ తేలవచ్చు. ఆయన చేతిలో ఏ నంబరు రివాల్వర్ ఉండేదో సాధారణంగా వాటిలో రాయరు.

ఇక లైసెన్సు. బ్రోకరు చెప్పింది అమెరికా మాట. అక్కడ 1898 లోపు తయారైతే పురాతన ఆయుధం కింద వదిలేస్తారు. ఆ లెక్కన చూసినా మీది కొత్తదే. మన దగ్గర ఏళ్లతో పని లేదు. 1959 ఆయుధాల చట్టం మినహాయించేది, మరమ్మతు చేసినా చేయకపోయినా ఇక పేల్చడానికి పనికిరాని పాత ఆయుధాన్నే. పేలే అవకాశం ఉంటే లైసెన్సు ఉండాల్సిందే. లేకుండా ఇంట్లో ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత మామూలు తుపాకీకే రెండు నుంచి ఐదేళ్ల జైలు. .455 తూటా పేల్చే ఈ రివాల్వర్ నిషేధిత ఆయుధాల కిందికి వస్తుంది కాబట్టి ఏడు నుంచి పద్నాలుగేళ్లు. గజపతి, రాయగడ, కోరాపుట్ లాంటి మావోయిస్టు ప్రభావం చూసిన జిల్లాల్లో దొరికిన తుపాకీని పోలీసులు పాత సామానుగా చూస్తారని ఆశపడకండి.

పది రోజుల గడువే నన్ను ఎక్కువగా భయపెట్టింది. లైసెన్సుదారుడు తన తుపాకీని మరొకరికి అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీసు స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. తొందరపెడుతున్నాడంటే ఆ దారిలో వెళ్లే ఉద్దేశం లేదన్నమాట. రెండు లక్షలూ, ఆపైన నగదుగా తీసుకోవడం కూడా ఆదాయపు పన్ను నిబంధనలకు విరుద్ధం.

మూడింతల ధర మాటకొస్తే, ఆ ధర పలికేది లండన్ వేలంలో. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకుండా 1972 నాటి పురావస్తువుల చట్టం ఆపుతుంది. ఇక్కడే అమ్మాలంటే కొనేవాడికీ లైసెన్సు ఉండాలి. ఒక మనిషికి రెండు ఆయుధాలే పరిమితి, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే కొనేవాళ్లు దొరకడం కష్టం. అవసరమున్న రోజున అమ్ముడుపోని దాన్ని నేను పెట్టుబడి అనను.

అదే నాలుగు లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేస్తే, 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 8,200 రూపాయలు వస్తాయి. వడ్డీ మీద పన్ను ఉంటుంది. పోస్టాఫీసులో ఒక్క పూట పని. మీ వయసులో నెల ఖర్చుకు టెన్షన్ లేకపోవడం పెద్ద విషయం.

చరిత్ర మీద ప్రేమను చంపుకోమని నేను చెప్పను. నలభై, యాభై వేలు పక్కన పెట్టుకుని మొదటి ప్రపంచ యుద్ధం మెడల్స్ వైపు చూడండి. వెండి బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, దళం ముద్రించి ఉంటాయి. కూలీ దళాల వాళ్లకిచ్చినవి కంచువి. లైసెన్సు అక్కర్లేదు. సాక్ష్యం వస్తువు మీదే ఉంటుంది, ఉత్తరం మీద ఆధారపడనక్కర్లేదు. అంచు అరిగి, మళ్లీ చెక్కినట్టుంటే మాత్రం వదిలేయండి. పాలిష్ కూడా పెట్టించకండి, విలువ పోతుంది.

అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే, లైసెన్సు కాపీ, నంబరు, అమ్మే మనిషి గుర్తింపు కాగితం చూపించమని రాతపూర్వకంగా అడగండి. అవి చూపించకపోతే ఆ డబ్బు పోయిందనుకున్నా సరే, రివాల్వర్‌ను మాత్రం ఒక్క రాత్రి కూడా మీ ఇంట్లో పెట్టనివ్వకండి.