విశాఖ ఆర్కే బీచ్ కోతకు కారణం సముద్రమట్టం పెరగడమేనా?

ప్రధాన కారణం అది కాదు, దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక హార్బర్ దగ్గర ఆగిపోవడం. నైరుతి రుతుపవనాల్లో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల్లో కొంత వెనక్కి వస్తుంది గానీ, ఏడాది మొత్తమ్మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1970ల్లో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఔటర్ హార్బర్ కోసం కట్టిన బ్రేక్‌వాటర్లు, అంటే అలలను ఆపేందుకు సముద్రంలోకి కట్టిన గోడలు, ఈ దారికి అడ్డుపడ్డాయి. ఇసుక దక్షిణపు గోడ దగ్గర మేట వేస్తుంది. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ నుంచి అలలు లాక్కుపోయినంత మళ్లీ చేరదు. అందుకే డ్రెడ్జర్‌తో (నీటి అడుగు ఇసుక తవ్వే ఓడతో) ఆ మేట తవ్వి ఇటువైపు పోస్తుంటారు. అది ఆలస్యమైతే బీచ్ పల్చబడి, అలలు నేరుగా రోడ్డు పక్క రక్షణ గోడ పునాదిని తొలిచేస్తాయి.

ఒక లెక్క చూడండి. ప్రపంచ సగటున సముద్రమట్టం ఏడాదికి 3 నుంచి 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. పదేళ్లకు 3.5 సెంటీమీటర్లు అనుకుందాం. 20 మీటర్లకు 1 మీటరు వాలున్న బీచ్‌పై నీరు ముందుకొచ్చేది 70 సెంటీమీటర్లే. ఒక్క తుపాను ఇంతకు ఎన్నో రెట్లు కోసేయగలదు. అలాగని మట్టం పెరుగుదలను తీసిపారేయకూడదు, తుపాను ఉప్పెన దాని మీదే లేస్తుంది.

చాలామంది పొరబడేది ఫొటోల దగ్గర. ఫిబ్రవరి ఫొటో పక్కన ఆగస్టుది పెట్టి బీచ్ పోయిందంటారు, కానీ ఆ తేడాలో చాలావరకు రుతువుదే. పరిశోధకులు రోడ్డు వైపు ఒక స్థిరబిందువు నుంచి పోటు తగ్గిన గీత దాకా లెవెల్ (సర్వే దుర్భిణి), స్టాఫ్ (కొలత కర్ర)లతో ఎత్తులు కొలిచి, ఏటా అదే నెల కొలతలతో పోలుస్తారు.